పదో బాణీ

సెప్టెంబరులో రెండో ఆదివారం నాడు మెరన్ డ్రెవర్ వంటింటి గడప ఎవరూ తొక్కకూడదు. మా దీవిలో ఎక్కడా రాసిపెట్టని చట్టమది. గుడ్లు కావలసినవాళ్లు శనివారమే వచ్చి తీసుకుపోతారు. ఆ ఆదివారం ఆవిడ పొయ్యి మీద టీ నీళ్లు పడేసి, ఫిడేలు ఒళ్లో పెట్టుకుని, చలికాలం క్లాసుకి బాణీలు ఎంచుతుంది.

పది బాణీలు. అంతకంటే ఒకటి ఎక్కువైతే మావాళ్ల బుర్రకెక్కవు. ఒకటి తగ్గితే మార్చి వచ్చేసరికి విసుగెత్తి గొడ్ల చావిళ్లలోకి జారుకుంటారు. ముప్ఫై ఒక్క చలికాలాలు నేర్పాక ఆవిడకి తేలిన లెక్క అది. పది బాణీలు ఎంచడమంటే పళ్లు లేనివాళ్లకీ ఆకలి మీదున్నవాళ్లకీ కలిపి ఒకే కుండలో వండడం. కొత్తగా ఫిడేలు పట్టినవాళ్లకి చిటికెన వేలు అక్కర్లేనివి రెండుండాలి. వేగమే విద్య అనుకునేవాళ్లకి ముక్కుతాడు వెయ్యడానికి బాగా నెమ్మదైనది ఒకటుండాలి. బ్రెకన్ తామ్మోకి మాత్రం ఏదిచ్చినా ఒకటే. బ్రెకన్ అతని పొలం పేరు. మా దీవిలో మనిషికి ముందు పొలం, తర్వాతే పేరు. డెబ్భై తొమ్మిదేళ్ల తామ్మో పాతికేళ్లుగా క్లాసుకి వస్తున్నాడు, పాతికేళ్లుగా తాళానికి ఒక అడుగు వెనకే నడుస్తున్నాడు. అడిగితే తీగలు మంచివి కావంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఆవిడ కాగితం మీద రెండు వరసలు రాస్తుంది. ఎడమవైపు బాణీ పేరు, కుడివైపు దాన్ని తనకిచ్చిన మనిషి పేరు. పుస్తకంలోంచి ఒక్కటి తీసుకోదు. ఒక మనిషి నోటి నుంచో చేతి నుంచో తన చెవికి అందినవే నేర్పుతుంది, నేర్పే ముందు ఆ మనిషి ఎవరో, ఎప్పుడు, ఎలా ఇచ్చారో చెబుతుంది. అది ఆవిడ గురువు నిస్టాబెన్ డేవిక్ పెట్టిన కట్టడి. "ఎవరిచ్చారో చెప్పకుండా బాణీ ఇవ్వడమూ, చెవికి గుర్తు లేని గొర్రెని అమ్మడమూ ఒకటే పిల్లా" అనేవాడాయన.

ఎడమ వరస కంటే కుడి వరసే ఆవిడకి ఇష్టం. హోవార్ మినా వెన్న చిలుకుతూ కూనిరాగం తీసిన కవాతు మార్చ్. ఆదివారం పూట పాదిరిగారి చెవిన పడకుండా దుప్పటి కప్పుకుని చిన్నాన్న వాయించిన రీలు, గంతులేయించే బాణీ. దీపస్తంభం కాపలా యూన్సన్ వాల్ట్జ్. యూన్సన్‌కి వచ్చిందే ఆ ఒక్కటి, దాన్నే మూడు పేర్లు పెట్టి మూడుసార్లు వాయించి చప్పట్లు కొట్టించుకునేవాడు. ఆ పేర్లు రాస్తుంటే ఆవిడకి వెన్న వాసన, తడి దుప్పటి వాసన, యూన్సన్ చొక్కాకి అంటిన కిరసనాయిలు వాసన అన్నీ తగిలేవి. వాళ్లలో చాలామంది ఇప్పుడు సముద్రం ఒడ్డున చర్చి గోడ వెనక పడుకుని ఉన్నారు. చలికాలం ఆర్నెల్లూ మంగళవారం మంగళవారం వాళ్లని లేపి బడి హాల్లోకి తీసుకొస్తున్నట్టే ఉండేది ఆవిడకి.

ఈ ఆదివారం తొమ్మిది ఇట్టే కుదిరాయి. పదో అంకె పక్కన కాగితం తెల్లగానే ఉండిపోయింది. దానికి కారణం గురువారం కొట్టు దగ్గర ఎదురుపడ్డ రూనా.

రూనా, డేవిక్‌కి మనవరాలు. ముప్ఫై నాలుగేళ్లది. పెద్ద ఊళ్లో పెరిగి, ఫిబ్రవరిలో తండ్రి శాండర్ పోయాక నిస్టాబెన్ పొలంలో ఆవుల్ని చూసుకోవడానికి వచ్చేసింది.

"మెరన్‌గారూ, ఈసారి నేనూ క్లాసుకొస్తాను. తాతయ్య పెట్టె పట్టుకొస్తా" అంది. అకార్డియన్ అని పుస్తకాల్లో ఉంటుంది, మా దీవిలో అది పెట్టే.

"రామ్మా. సంతోషం."

"ఒక్కటి అడగాలి. నిస్టాబెన్ పోల్కా నేర్పండి. నవంబర్లో కోతల విందుకి వాయించడానికి నాన్న లేడు. భోజనాలయ్యాక డాన్సుకి మొదటి బాణీ అదేగా? నాకు కూనిరాగం తియ్యడం కూడా సగం దాకే వచ్చు. ఇంక ఆ బాణీ తెలిసింది మీ ఒక్కరికే అంటున్నారు."

"చూద్దాం" అంది మెరన్, బుట్టలో రొట్టె సర్దుకుంటూ.

ఎన్నేళ్లుగానో ఆ పోల్కా నేర్పమని జనం అడుగుతూనే ఉన్నారు. "అది నిస్టాబెన్ వాళ్ల ఇంటి సొత్తు. వాళ్లుండగా నేర్పడానికి నేనెవర్ని?" అని తప్పించుకునేది. మంచి సాకు, ఎవరూ కాదనలేరు. ఇప్పుడు ఆ ఇంటి పిల్లే వచ్చి అడిగింది. నేర్పకపోతే ఈ నవంబర్లో హాలు మూగబోతుంది, బాణీ తనతోనే మట్టిలో కలిసిపోతుంది. నేర్పితే కుడి వరస చెప్పాలి. అది ఎలా వచ్చిందో చెప్పాలి.

ఆ పోల్కాలో రెండో సగం ఎత్తుకుని పైకి, పైకి పోతుంది. అన్నిటికంటే పై స్వరం రావలసిన చోట స్వరం రాదు. పెట్టె ఆగుతుంది, హాలంతా ఒక్క కాలితో నేలని కొడుతుంది. ధన్! మళ్లీ బాణీ కిందకి దిగుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మా పిల్లలు అలాగే విన్నారు, బాణీ పుట్టుకే అంత అనుకుంటున్నారని ఆవిడ నమ్మకం. పుట్టుక కాదని మెరన్‌కి తెలుసు.

అప్పుడామెకి పదకొండేళ్లు. శనివారాలు డేవిక్ దగ్గర గొడ్ల చావిట్లో ఫిడేలు నేర్చుకునేది. చావిట్లో ఎందుకంటే ఆవులకి సంగీతమంటే ప్రాణమని ఆయన అనేవాడు. అసలు సంగతి, కొత్తవాళ్ల ఫిడేలు ఆయన భార్య ఇంట్లో మోగనిచ్చేది కాదు. ఆవులు నెమరేస్తూ వినేవి, వాటి ఊపిరి తెల్లగా ఆవిరై ఫిడేలు మీద పడేది. డేవిక్ బోర్లించిన బాల్చీ మీద కూర్చుని బాణీని ఒక్కో పలుకుగా వాయించి ఇచ్చేవాడు. తప్పు వాయిస్తే తిట్టేవాడు కాదు, "ఆవు చూడు, మొహం తిప్పుకుంది" అనేవాడు. ఫిడేలు ఎంతసేపైనా వాయించుకోవచ్చు. పెట్టె మాత్రం ముట్టుకోకూడదు. "అది నీకంటే బరువు పిల్లా. నువ్వు మొయ్యడం కాదు, అదే నిన్ను మోస్తుంది."

ముట్టుకోవద్దంటేనే కదా చెయ్యి దురద పెట్టేది. ఆ ఏడు కోతల విందు నాడు మధ్యాహ్నం తల్లితో పాటు జున్ను మోసుకుంటూ హాలుకి వచ్చింది. ఆడవాళ్లంతా వంటగదిలో దుంపలు మెదుపుతున్నారు. వేదిక మీద డేవిక్ పెట్టె, ఎవరో ట్రాక్టరు మీద ముందే తెచ్చి పెట్టినది, ఒంటరిగా ఉంది. మెరన్ ఎర్ర ఉన్ని చేతొడుగులు తీసి పక్కన పెట్టి, పెట్టెని కేసులోంచి లేపి, ఒక భుజానికి పట్టీ తగిలించుకుంది. రెండో పట్టీ అందేలోపే మొదటిది జారింది. పెట్టె మూల మీదుగా వేదిక చెక్కల మీద పడింది.

వంటగదిలో నవ్వులు ఆగలేదు. ఎవరూ వినలేదు. మీటలన్నీ నొక్కి చూసింది. అన్నీ పలికాయి. పైన ఒక్క మీట మాత్రం పలకలేదు. ఎన్నిసార్లు నొక్కినా అందులోంచి ఉత్త గాలి వచ్చింది. పెట్టెని కేసులో కుక్కి, మూత వేసి, బయటికి పరిగెత్తింది.

సాయంత్రం హాలు నిండింది. మెరన్ కడుపు నొప్పని చెప్పి, కోట్లు తగిలించే గదిలో తడి కోట్ల మధ్య దాక్కుంది. భోజనాలయ్యాయి. డాన్సు మొదలవ్వాల్సిన వేళైనా పెట్టె మోగలేదు. డేవిక్ గొంతు మెల్లగా ఏదో చెబుతోంది, మాటలు అందలేదు. తర్వాత బెంచీల చప్పుడు, పోల్కా. ఒక్క మీట లేకపోతే మిగతా బాణీల్లో ఎలాగో పక్కదారిన పోవచ్చు, ఈ పోల్కాలో దారి లేదు. రెండో సగం పైకి ఎక్కుతుంటే ఆ పిల్ల ఎవరి కోటుదో చెయ్యి పట్టుకుని కొరికింది. ఆ చోటు వచ్చింది. నూట యాభై మంది బూట్లు ఒక్కసారిగా నేలని కొట్టాయి. కోట్లు కొక్కేలకి ఊగాయి. వెనకే పెద్ద నవ్వు.

మీట పోయిన సంగతి అప్పటికప్పుడు తెలిసి, పాపం ఆ చోట కాలితో కొట్టమని అందరికీ చెప్పాడు కాబోలు అనుకుంది. తర్వాతి శనివారం చావిట్లో డేవిక్ ఒక ఎర్ర చేతొడుగు ఆమె ఒళ్లో పడేశాడు. "దారిలో దొరికింది. నీదేనా?"

"నాదే."

"జాగ్రత్త. చలికాలం పొడుగ్గా ఉంది" అన్నాడు, అంతే. పెట్టె ఊసు ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాత పందొమ్మిదేళ్లలోనూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎవరు 'పెట్టె' అన్నా ఆమెకి ఒళ్లు ఝల్లుమనేది. ఏటేటా కోతల విందులో పోల్కా ఎత్తుకోగానే "టీ చూసొస్తా" అని వంటగదిలోకి వెళ్లిపోయేది. డేవిక్ పోయిన రోజు చర్చి గోడ దగ్గర నిలబడి చెబుదామనుకుంది. ఇంక ఎవరికి చెప్పాలి? గాలి ఒకటే హోరు, టోపీ పట్టుకోవడానికే రెండు చేతులూ సరిపోయాయి.

ఆదివారం సాయంత్రం నాలుగో టీ చల్లారిపోయాక, మెరన్ పదో అంకె పక్కన యూన్సన్ వాల్ట్జ్ అని రాసేసింది. పిరికిపనే. ఆవిడకీ తెలుసు.

మంగళవారం ఏడింటికి బడి హాల్లో తొమ్మిది మంది చేరారు. మెరన్ జాబితా నల్లబల్ల మీద రాసింది. కొట్టు నడిపే నెట్టా చదివి ఊరుకుంది. తామ్మో ఊరుకోలేదు.

"ఈ వాల్ట్జ్ పోయినేడు నేర్పావుగా?"

"నీకు వచ్చిందా?"

"రాలేదు."

"మరింకేం!"

అందరూ నవ్వారు. రూనా నవ్వలేదు. బల్ల మీద రాసింది పైనుంచి కిందకి రెండుసార్లు చదివి, పెట్టె ఒళ్లో పెట్టుకుని మూల కుర్చీలో కూర్చుంది. అడగవలసింది ఒకసారి అడిగింది, మళ్లీ అడిగే రకం కాదు. తాత పోలిక.

మిగతావాళ్లు ఫిడేళ్లు శ్రుతి చేసుకుంటుంటే ఆ పిల్ల తనలో తాను పోల్కా వెతుక్కోవడం మొదలుపెట్టింది. మొదటి సగం ఫరవాలేదు. రెండో సగం తడుముకుంటూ పైకి ఎక్కింది. తామ్మో కాలు దానంతటదే లేచింది, నెట్టా కాలూ లేచింది. ఆ చోటు వచ్చింది.

స్వరం పలికింది. సన్నగా, తేటగా, చెంబు మీద చెంచా కొట్టినట్టు.

మెరన్ సుద్దముక్క బల్ల మీదే ఆగిపోయింది. "ఏ మీట నొక్కావు?"

"తప్పా? అక్కడ ఏదో ఒకటి ఉండాలిగా అని నొక్కాను."

"ఆ మీట... పలుకుతుందా?"

"పలక్కేం? ఎప్పుడో ఒకసారి పోయిందట. తాతయ్య స్టీమరు మీద కిర్క్‌వాల్ పట్నం పంపించి బాగుచేయించాడని నాన్న చెప్పాడు. లోపల అట్ట మీద తారీకు కూడా ఉంది. జనవరి, అరవై ఎనిమిది."

మెరన్ దగ్గరున్న కుర్చీలో కూలబడింది. అంటే రెండు నెలలు. రెండే నెలలు ఆ మీట మూగగా ఉంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ చేతికింద స్వరం ఉండగానే ఆయన దాన్ని నొక్కకుండా కాలితో కొట్టాడు. ఎందుకో ఆవిడకి అంతుపట్టలేదు. ఇంక దాచడం తనవల్ల కాదని మాత్రం తెలిసింది. లేచి, వాల్ట్జ్ తుడిచేసి, ఆ చోట నిస్టాబెన్ పోల్కా అని రాసింది.

"ఇది నాకు నిస్టాబెన్ డేవిక్ ఇచ్చింది" అని మొదలుపెట్టింది, ఎప్పుడూ మొదలుపెట్టే మాటే. "చావిట్లో, ఆవుల ముందు. ఇందులో ఒక స్వరం ఉండేది, పోయింది. పోగొట్టింది నేను. ఆ పెట్టె కింద పడేసింది నేను. పడేసి నోరు మూసుకుని కోట్లలో దాక్కున్నాను. యాభై ఏడేళ్లుగా దాక్కునే ఉన్నాను. మీరందరూ సరదాగా కాలితో కొట్టిన ప్రతిసారీ ఆ దెబ్బ నాకు తగిలేది. ఇదీ సంగతి."

కిటికీకి గాలి కొడుతోంది. తామ్మో మెడ గోక్కున్నాడు.

"అయిందా?"

"ఏమిటి అయేది?"

"చెప్పడం. హమ్మయ్య! యాభై ఏడేళ్లుగా నోరు కట్టుకుని మా దవడలు పీకుతున్నాయమ్మాయ్."

మెరన్ అతనికేసి చూసింది. నెట్టాకేసి చూసింది. నెట్టా తల వంచుకుని ఫిడేలు తీగ సవరిస్తోంది. అది అప్పుడు సవరించాల్సిన పనే లేదు.

"నీకూ తెలుసా?"

"మా అమ్మ చెప్పింది మెరన్‌గారూ. పోల్కాకి కాలు కొట్టడం నేర్పినప్పుడే చెప్పింది. మీ ముందు అనకూడదని కూడా."

"అసలు ఎలా తెలుసు?"

"చేతొడుగమ్మా!" అన్నాడు తామ్మో. "కేసు తెరిస్తే లోపల ఎర్రగా నవ్వుతోంది. ఆ రోజు నేను ముందు బెంచీలోనే ఉన్నా, ఇరవై రెండేళ్లవాణ్ణి. డేవిక్ దాన్ని పైకెత్తి చూపించాడు. 'పెట్టెలో ఒక మీట పోయింది. పోల్కాలో ఆ చోటు రాగానే తల ఊపుతా, అందరూ కాలితో కొట్టండి. ఇంకో మాట. ఇది ఎవరి తొడుగో మీకు తెలుసు. ఆ పిల్లని ఎవరైనా ఒక్క మాటన్నారో, ఈ దీవిలో ఇంక పెట్టె మోగదు' అన్నాడు. మీ అమ్మ నా పక్కనే కూర్చుంది. ఆవిడ అల్లిన తొడుగే కదా. అందరికంటే గట్టిగా ఆవిడే కొట్టింది కాలు."

మెరన్‌కి తల్లి బూట్లు గుర్తొచ్చాయి. నల్లవి, మడమ దగ్గర కుట్టు వేసినవి. పోయేదాకా ఆ తల్లి ఒక్క మాట జారలేదు. మా దీవి ఎలాంటిదంటే, నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున ఒకరి ఆవు ఈనితే మధ్యాహ్నానికి అవతలి ఒడ్డున దూడకి పేరు పెట్టేస్తారు. అలాంటి దీవి యాభై ఏడేళ్లు ఒక పిల్ల ముందు నోరు విప్పలేదు.

"మరి బాగుచేయించాక ఎందుకు నొక్కలేదు?" అని అడిగింది రూనా. మెరన్ అడగలేకపోయిన మాట అది.

ఎప్పుడూ ఉండే ఎకసెక్కం తామ్మో మొహంలోంచి పోయింది. "అదే అడిగాం మరుసటేడు. 'నొక్కవయ్యా, మీట వచ్చిందిగా' అంటే, డేవిక్ హాలంతా ఒకసారి కలయజూశాడు. 'పిల్ల ఇంకా వంటగదిలోనే ఉంది. తను వచ్చి మన మధ్య కూర్చున్న రోజున నొక్కుతాలే' అన్నాడు. శాండర్‌కీ అదే మాట చెప్పి పోయాడు. నువ్వేమో ఏటేటా టీ చూసొస్తానంటూ పోయేదానివి. ఏం టీయో ఏమో, యాభై ఏడేళ్లుగా మరగలేదు!"

నెట్టా నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మెరన్ నల్లబల్ల వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. తను దెబ్బ అనుకున్నది పిలుపు. ఏడాదికొకసారి హాలంతా కలిసి నేల తట్టి రమ్మని పిలిచింది, తను ప్రతిసారీ గది మారింది. డేవిక్ బతికుండగా ఒక్కసారి, ఒక్క ఏడు, ఆ వంటగది తలుపు తీసుకుని వచ్చి కూర్చుని ఉంటే ఎంత బాగుండేది! ఆ బాధ మాత్రం ఇంక తీరేది కాదు.

పొడుగు చేత్తో మొహం తుడుచుకుని ఇటు తిరిగింది. చెంపకి సుద్ద అంటుకుంది.

"ఫిడేళ్లు ఎత్తండి. మొదటి పలుకు వినండి" అంది.

గంటన్నర పట్టింది. పలుకు ఇవ్వడం, వాళ్లు తిరిగి వాయించడం, తప్పితే మళ్లీ ఇవ్వడం. "ఆవు మొహం తిప్పుకుంది నెట్టా" అని కూడా అంది, ఆ మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు మావాళ్లు. రెండో సగం చివరికొచ్చాక రూనా చెయ్యి ఆపింది.

"ఈ చోట ఏం చెయ్యమంటారు? స్వరమా, కాలా?"

అందరూ మెరన్‌ని చూశారు.

"నువ్వు మీట నొక్కు. నేను వచ్చానుగా. కాళ్లు మేం చూసుకుంటాం."

మొదట్నించి ఎత్తుకున్నారు. తొమ్మిది మందీ, వంకర టింకరగానే, కలిసి పైకి ఎక్కారు. డేవిక్ పెట్టె ఆ స్వరాన్ని పలికింది, అదే క్షణాన బడి హాలు నేల దద్దరిల్లింది. అందులో ఒక దెబ్బ మెరన్ డ్రెవర్ ఎడమ కాలిది. ఆ బాణీకి ఆ కాలు నేల మీద పడడం అదే మొదలు.

ఆ వెనకే, అందరూ కొట్టేశాక, ఒక్క అడుగు ఆలస్యంగా తామ్మో బూటు చప్పుడు ఒంటరిగా వినపడింది.

మెరన్ కళ్లు తుడుచుకుంటూనే ఫిడేలు కమానుతో బల్ల మీద కొట్టింది. "మళ్లీ మొదట్నించి" అంది.